పంట చేను, అడవిపంది, మన లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మా తాతగారు ఈ గ్రామమునకు కరణము. 1984లో కరణీకములు రద్దయినవి గాని లెక్కలు రద్దు కాలేదు. పేరు మారిన యుద్యోగములో నేనును ఈ గ్రామపు భూముల లెక్కలే వ్రాయుచున్నాను. పగలు అడంగలు, రాత్రి ఈ గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న భారతము. ఇరువదియైదేండ్లుగా నా చదువు ఇంతే. తెలియని పదము వచ్చినచో నిఘంటువు చూచితిని. అదియు చాలనిచో మరునాడు బడిపంతులుగారి యింటికి పోయితిని. కావున నా మాటలలో దొసగులున్నచో అవి నావి; మంచి యేమైన నున్నచో అది ఈ బీరువాలది.

నాకు ముందు మాటలాడిన పెద్దలు కవిత్వమును గురించియు, గ్రంథాలయోద్యమమును గురించియు చక్కగా సెలవిచ్చిరి. నేను అడవిపందిని గురించియు, కోతిని గురించియు మనవి చేయదలచితిని. సరస్వతీమందిరమున నిదేమి ప్రసంగమని నవ్వవలదు. నిరుడు వానకాలమున కోతులు ఈ మందిరపు పెంకులు లాగివేయగా రెండు బీరువాలలోని పుస్తకములు తడిసిన సంగతి మీ రెరుగుదురు. నేడు ఈ సభకు రావలసిన రైతులు పలువురు రాలేదు. వారు మొక్కజొన్న చేలలో మంచెలమీద నున్నారు. చదువుకొనవలసిన రాత్రులను చేనిగట్టున గడపవలసిన గ్రామమునకు గ్రంథాలయ మెంత యుపకరించును? కావున ఇది గ్రంథాలయమునకు సంబంధించిన ప్రసంగమే.

మన పూర్వులు పైరునకు గలుగు ఉపద్రవములను ఈతులనిరి. నేటికిని మన నోట మెదలు 'ఈతిబాధలు' అను మాట దానినుండి వచ్చినదే. ప్రసిద్ధమైన పట్టికలో అవి యారు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగురాజుల దండు. ఇందు పంది లేదు, కోతి లేదు. అనగా పూర్వము పందులు పైరు తినలేదని కాదు. మంచె, వడిసెల, డప్పు అప్పుడును ఉన్నవి. కాని అది యొక రైతు రాత్రి మేలుకొని తీర్చుకొనగల బాధ. దేశమునకు చెప్పుకొనవలసిన ఈతి కాదు. నేడు అది ఈతి యైనది. ఎట్లయినదో విచారింపక, కనబడిన జంతువును తిట్టుటవలన ప్రయోజనము లేదు.

మన గ్రామము నల్లమల యంచున నున్నది. నా చిన్నతనమున ఈ మెట్టలలో వానకు మొలచు జొన్న, కొఱ్ఱ, ఆముదము. అదియు ఏటికొక పంట. తరువాత బోరులు వచ్చినవి. మొక్కజొన్న, వేరుసెనగ, కూరగాయలు వచ్చినవి. పన్నెండు నెలలలో పది నెలలు ఏదో యొక చేను పచ్చగా నున్నది. అడవిలో దినమంతయు త్రవ్వినను దొరకని మేత పందికి ఇచ్చట గడియలో దొరకుచున్నది. ఇది మొదటి కారణము.

చెరువుగర్భములోను, బంజరులోను సర్కారు తుమ్మ దట్టముగా నల్లుకొన్నది. పూర్వము పంది పగలు తలదాచుకొనుటకు కొండకు పోవలసివచ్చెడిది. నేడు ఊరిప్రక్కనే దానికి ఇల్లు కట్టియిచ్చితిమి. ఇది రెండవ కారణము.

పందిని తినునవి పులి, చిరుతపులి, రేచుకుక్కలు. పులి లేనిచో అడవి నరకబడుననియు, అడవి లేనిచో పులి చంపబడుననియు భారతము ఉద్యోగపర్వమున నొక భావము కలదు. నేను దానిని మొదట చదివినప్పుడు రాజనీతికి చెప్పిన ఉపమానమని మాత్రమే తలచితిని. చేలవెంట తిరిగినకొలది అది ఉపమానము మాత్రమే కాదని తెలిసినది. పులి సంచరించు లోయడవిలో పందులకు అదుపు కలదు. పులి రాని ఊరంచున లేదు. ఇది మూడవ కారణము.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. వేట నిలిచినది. ఆ చట్టము రాకున్నచో నేడు మన పిల్లలకు పులిని బొమ్మలోనే చూపవలసివచ్చెడిది. కావున దానిని నేను నిందింపను. కాని తక్కిన మూడు కారణములతో కలిసినప్పుడు పంది పెరుగుటకు అదియు నొక కారణమైనదని ఒప్పుకొనక తప్పదు.

ఇక కోతి సంగతి. మన ప్రాంతపు కోతి నెత్తిమీది వెండ్రుకలు టోపీవలె నుండును. ఉత్తరదేశపు కోతి వేరొక జాతి. తూర్పుదెస దాని కెల్ల గోదావరి యని శాస్త్రజ్ఞులు చెప్పుచుండిరి. అది ఇప్పుడు ఆ నది దాటి దక్షిణమునకు వ్యాపించి, మన కోతిని నెట్టివేయుచున్నది. ఇందులో మనుష్యుని చేయి కలదు. ఒకచోట బెడద యని పట్టి బండ్ల కెక్కించి మరియొకచోట విడుచుట చిరకాలముగా జరుగుచున్నది. ఒక ఊరి బాధ మరియొక ఊరి ఖాతాకు మార్చుటయే గాని దానివలన బాధ తీరలేదు. రోడ్లు వెడల్పు చేయునప్పుడు మఱ్ఱి, రావి, మేడి, నేరేడు కొట్టివేసితిమి. ఆ చెట్లమీద బ్రదికిన కోతికి, గుడిమెట్లమీదను ఘాటురోడ్డులోను అరటిపండ్లు పంచితిమి. చేతినుండి తిన్న కోతి రేపు చేతిలోని సంచి లాగును. నేనును శనివారములందు పండ్లు పంచినవాడనే. భక్తితో చేసితి ననుకొంటిని. వానికి దొంగతనము నేర్పితినని తరువాత తెలిసినది. నేడు మన పెరళ్లలో బీర, చిక్కుడు, జామ పెట్టు ఇల్లాండ్రు ఎందరున్నారో మీరే చూచుకొనుడు.

ఇట్లయినచో చంపుటయే మార్గమని కొందరందురు. నా వృత్తి లెక్క గనుక లెక్కవేసి చూపెదను. అడవిపంది గర్భము సుమారు 115 దినములు. ఈతకు నాలుగు మొదలు ఆరు పిల్లలు పుట్టును. ఆడుది రెండవ యేటికే తల్లి కాగలదు. ఒక మందలో నాలుగు ఆడపందులున్న వనుకొందము. ఏటికి తల్లికి నాలుగు పిల్లలు మాత్రమే దక్కి, అందు సగము ఆడవైనవనుకొందము. మొదటి యేటికి ఆడపందులు పన్నెండు, రెండవ యేటికి ముప్పదియారు, మూడవ యేటికి నూటయెనిమిది. కరవు, రోగము, పులి కొన్నింటిని తీసికొనును గనుక అడవిలో నిట్లు జరుగదు. మేతకు లోటులేని ఊరంచున ఇంచుమించు ఈ దారినే నడచును.

ఇప్పుడు ఏటేట సగము చంపినా మనుకొందము. పన్నెండులో ఆరు మిగిలినవి. అవి పదునెనిమిదియై తొమ్మిది మిగిలినవి. అవి ఇరువదియేడై, సగము చంపగా పదమూడు మిగిలినవి. మూడేండ్లు సగము చొప్పున చంపినను నాలుగు పదమూడైనవి! నాలుగు నాలుగుగనే నిలువవలెనన్నను ఏటేట మూడింట రెండు పాళ్లు చంపవలెను. కావున చంపుట ఒక్కటే మందు కానేరదు. మేతయు, మాటును అట్లే యుంచి చంపుట, తూము మూయక చెరువునీరు తోడి పోయుటవంటిది.

ఇతర రాష్ట్రములలో జరిగినదియు కొంత తెలిసికొనదగినది. చట్టములోని 62వ సెక్షనుననుసరించి కేంద్రప్రభుత్వము ఒక జంతువును ఒక ప్రాంతమున కొంతకాలమునకు హానికర జంతువుగా ప్రకటింపవచ్చును. 2015 డిసెంబరులో బీహారున నీలగాయిని, అడవిపందిని అట్లు ప్రకటించిరి. 2016 జూనులో మొకామా ప్రాంతమున హైదరాబాదునుండి వచ్చిన వేటగాండ్రు రెండు వందలకు పైగా నీలగాయిలను కాల్చిరి. దేశమంతట వాదోపవాదములు చెలరేగినవి. హిమాచల ప్రదేశములో 2016లో సిమ్లా పట్టణపు కోతులను అట్లే ప్రకటించిరి. కాని హనుమంతుని కొలుచు ప్రజలు వానిని చంపుటకు ముందుకు రాలేదు. ఆ రాష్ట్రమే అంతకు ముందునుండి కోతులకు సంతాననిరోధ శస్త్రచికిత్సలు చేయించుచు, ఇంతవరకు లక్షకు మించి కోతులకు చేయించినది. మన పొరుగున తెలంగాణములో నిర్మల్ జిల్లాయందు 2020లో అట్టి కేంద్రమొకటి తెరువబడినది. 2022లో కేరళ ప్రభుత్వము అడవిపందుల విషయమున ఉత్తరువిచ్చు అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించినది. ఈ మార్గములలో నేదియు ఒక్కయేటిలో ఫలించునది కాదు.

అరణ్యపర్వమున నొక చిన్న కథ కలదు. పాండవులు ద్వైతవనమున నుండగా ఒకరాత్రి ధర్మరాజునకు కలలో మృగములు కనబడి కన్నీరు విడిచెను. 'మీ వేటవలన మా కులములు తరిగినవి. విత్తనములవలె కొలదిమంది మిగిలితిమి. మీరు మరియొకచోటికి పోయినచో మరల వృద్ధి పొందుదుము' అని వేడికొనెను. ధర్మరాజు మరునాడే తమ్ములతో కామ్యకవనమునకు తరలిపోయెను. రాజ్యము పోగొట్టుకొన్నవాడు, ఆకలి నెరిగినవాడు, వేట మానలేదు గాని విత్తనము పోకుండ చూచెను. తరిగినప్పుడు వానిని బ్రదుకనిచ్చుట ధర్మమైనచో, మితిమీరినప్పుడు ఆలోచించి అదుపుచేయుటయు ధర్మమే. రెండింటను కావలసినది కోపము కాదు, లెక్క.

ఇక నేను ఈ సభలో నిలిచినందులకు అసలు కారణము చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట కార్తికమాసమున, తెల్లవారకమునుపే చేనికి నీరు కట్టబోయిన మన గ్రామపు యువకుడొకడు పొరుగుచేనిలో పందులకై కట్టిన విద్యుత్తు తీగె తగిలి మరణించెను. పేరు చెప్పను. ఆ తల్లి ఈ సభలో నుండవచ్చును. పంచనామాకు కూర్చున్నవారిలో నేనొకడను. చేనిగట్టున కూర్చుండి కాగితముమీద సర్వే నంబరు వేసితిని. ఆ తరువాత చాలసేపు కలము కదలలేదు.

దానికి నాలుగు దినములముందు పంట నమోదునకు పోవుచు నేను ఆ తీగెను చూచితిని. చిన్న కర్రలకు జేనెడెత్తున కట్టియున్నది. ఆ రైతు నన్ను చూచి, "కరణంగారూ, రాత్రిపూట మాత్రమే వేస్తాను. తెల్లారకముందే తీసేస్తాను" అనెను. "జాగ్రత్త నాయనా" అని చెప్పి నేను ముందుకు సాగితిని. ఆ యొక్క మాటతో నా పని తీరినదనుకొంటిని. తీయించవలసినవాడను తీయింపలేదు. ఆ రైతు దుర్మార్గుడు కాడు; అప్పు చేసి విత్తిన వేరుసెనగను కాపాడుకొనజూచినవాడు. కాని ఒక యింట కొడుకు పోయెను. రెండవ యింట యజమాని కోర్టుల పాలయ్యెను. రెండు కుటుంబములును ఒకే వీధివి. నేటికిని ఒకరి గుమ్మము నొకరు తొక్కరు.

ఆ యేట ఆ చేనిలో పందులు పాడుచేసినది అర యెకరము. నమోదు చేసినవాడను నేనే గనుక నాకు తెలియును. ఒక వైపున అర యెకరపు వేరుసెనగ. రెండవ వైపున ఏమని వ్రాయుదును? ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాసిన నాకు ఆ గడిలో వేయుటకు అంకె దొరకలేదు.

మరల మొక్కజొన్న కంకి వేయుచున్నది. మరల తీగెలు కట్టుచున్నారని నా చెవిని బడినది. కావున మొదటి విన్నపము: లైనునుండి లాగిన తీగె ఈ గ్రామమున ఏ చేనిలోను ఉండరాదు. అది నేరమని చెప్పుట లేదు; నేరమే, కాని అంతకుమించి అది మనలో నెవరి బిడ్డ నెప్పుడు తీసికొనునో తెలియని యురి. నేడు సభ ముగియకమునుపే ఈ మాటమీద పెద్దలందరు నిలువవలెను. తీగె చూచినవాడు ఊరకుండరాదు. ఊరకున్నవాడు నావలె నగును.

తీగెకు బదులేమని రైతు అడుగుట న్యాయము. సూర్యశక్తి కంచె యొకటి కలదు. అందు విద్యుత్తు ఎడతెగక ప్రవహింపదు; క్షణకాలపు తాకిడి సుమారు క్షణమున కొకటి చొప్పున వచ్చును. జంతువు బెదరి వెనుకకు పోవును గాని చావదు, మనుష్యుడును చావడు. కంచెకు కలుపుమొక్కలు తగిలినచో శక్తి నేలపాలగును గనుక అడుగున శుభ్రము చేయుచుండవలెను. ఒక్క రైతు తన రెండెకరముల చుట్టు వేసికొనుటకంటె, పదిమంది కలిసి తమ కమతముల నన్నిటిని చుట్టి యొకటే కంచె వేసికొన్నచో తలసరి ఖర్చు చాల తగ్గును. నాలుగు ముక్కలకు నాలుగు గట్లు. నాలుగు కలిసిన ముక్కకు చుట్టుకొలత సగమే. ఈ లెక్క బడిపిల్లవానికిని తెలియును. తెలిసియు మనము చేయుట లేదు.

రాజేంద్రనగరములోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు మరికొన్ని యుపాయములు చెప్పుచున్నారు. మొక్కజొన్న చుట్టును కొన్ని సాళ్లు ఆముదము దట్టముగా వేయవలెను. పందికి చూపు మందము, వాసన పట్టుటలో మేటి. ఆముదపు వాసనలో కంకివాసన దానికి సరిగా తెలియదు. వేరుసెనగ చుట్టును ముండ్లజాతి కుసుమ వేయవలెను. ముండ్లు గ్రుచ్చుకొని పంది లోనికి చొరదు. ఈ రెండును మన తాతలనాటి పైరులే. గింజయు చేతికి వచ్చును. ఇవి సంపూర్ణ రక్షలని నేననను. అందరు ఒకే వారములో విత్తి, వంతులవారిగా కావలి కాచినచో వీని ఫలము హెచ్చును. చెరువులోని సర్కారు తుమ్మను పంచాయతివారు తొలగింపించినచో ఊరిప్రక్క పందుల పగటి నివాసము పోవును.

కోతుల విషయమున అక్కచెల్లెండ్రకు నా ప్రార్థన. గుడివద్ద పండ్లు పంచుట మానుడు. ఎంగిలాకులు, మిగిలిన యన్నము వీధిలో వేయకుడు. పుణ్యము కావలెనన్నచో ఊరికి దూరముగా, కొండమొదట మేడి, నేరేడు, రావి నాటి నీరు పోయుడు. కొండముచ్చును తెచ్చి కట్టివేయుట చట్టవిరుద్ధము. టోపీకోతి ఇప్పుడు చట్టపు మొదటి పట్టికలో నున్నది. దానికి విషము పెట్టుట ఘోరమైన నేరము, పాపము. సంతాననిరోధ చికిత్సలకు ప్రభుత్వమును మనము వ్రాతమూలముగ కోరవలెను.

తుదకు నా వృత్తికి సంబంధించిన మాట. చట్టములోని 11వ సెక్షనుననుసరించి, నిలిచియున్న పైరునకును మనుష్యప్రాణమునకును ముప్పు కలిగించు జంతువును వేటాడుటకు అధికారులు కారణములు వ్రాసి అనుమతి నీయవచ్చును. 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్ 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన పిదప అడవిపంది రెండవ పట్టికలో నున్నది. దానికి ఇట్టి అనుమతి పొందు దారి తెరిచియే యున్నది. వన్యమృగములవలన గలిగిన నష్టమును పంటలబీమాలో చేర్చుదుమని కేంద్రప్రభుత్వము 2025 నవంబరులో ప్రకటించినది. 2026 ఖరీఫునుండి యని చెప్పినది. నష్టము 72 గంటలలోపల తెలుపవలెను. అన్ని చోట్లను ముందుగా నడుగునది యొక్కటే: ఆధారమేది? మన యొద్ద కోపము కలదు, కథలు కలవు, ఆధారము లేదు. పోయిన యేట పందులు ఎన్ని యెకరములు తినెనని ఒక అధికారి నన్నడుగగా, ఈ గ్రామపు లెక్క వ్రాయువాడనై యుండియు నేను సమాధానము చెప్పలేకపోతిని.

కావున రజతోత్సవ కానుకగా ఈ గ్రంథాలయమునకు ఒక క్రొత్త పుస్తకము నిచ్చుచున్నాను. అందు అక్షరము లేదు. గీతలు మాత్రము గీచితిని. తేది, సర్వే నంబరు, పైరు, పాడైన మేర, వచ్చిన జంతువు, చూచినవాని సంతకము. ఇది పఠనమందిరములో బల్లమీద నుండును. ఏ రైతైనను ఉదయము వచ్చి వ్రాయవచ్చును. వ్రాయుట రానివారికి మన పిల్లలు వ్రాసిపెట్టుదురు. మూడు పంటలు గడచునప్పటికి ఏ దారిని పందులు వచ్చుచున్నవి, ఏ నెలలో వచ్చుచున్నవి, ఏ యుపాయము ఫలించినది మనకే తెలియును. అధికారులను అడుగుటకు నోరు వచ్చును.

చివరి గడి యొకటి వేరుగ గీచితిని. 'తీగె కనబడినదా?' అని దాని శీర్షిక. ఆ గడి ఎన్నడును నిండకుండవలెనని మీ అందరిని చేతులు జోడించి వేడుకొనుచున్నాను.